సాల్లేదు

డే అండ్ నైట్ జంక్షన్‌లో
నా వాటా రాత్రి మాత్రమే.
ఏటీఎం అద్దాల గదిలో
ఒక ప్లాస్టిక్ కుర్చీ, ఒక లాఠీ,
లాఠీ కంటే బరువైన డిక్షనరీ.
ఆమదాలవలస స్టేషనుకి ఆఖరి ఆటో వెళ్లిపోయాక
చెత్తబుట్ట నేల మీద ఒంపుకుంటాను.

జనం ఒకసారి చూసి, మొహం ముడుచుకుని
ఉండచుట్టి పారేసిన స్లిప్పులు.
ఒక్కోటీ మోకాలి మీద సాపు చేసి
వెనక తెల్లవైపు ఒక్కో ఇంగ్లీషు మాట రాస్తాను.
రాత్రికి పన్నెండు.
ఏసీ పనిచేసిన రాత్రి పదిహేను.

పగలు ఎచ్చెర్లలో ఎమ్మే ఎకనామిక్స్.
మొదటి వారమే మాస్టారు ఒక వ్యాసం చేతిలో పెట్టి
"చదివి రా, నీ మాటల్లో చెప్పు" అన్నారు.
నా మాటలా?
మొదటి పేజీలోనే ముప్పై ఒక్క చోట కాలు జారాను.
తెలుగు మీడియం కాళ్లు మరి.

'నెవర్‌దిలెస్' —
మూడు మాటలు ఒకదాని భుజమెక్కి ఒకటి,
ఎక్కి చూస్తే కనబడేది 'అయినా సరే'.
మా అమ్మ దినానికి పదిసార్లనే మాట.
'ఆంబిగ్యువస్' — మా కంట్రాక్టరు జీతమిచ్చే తేదీ.
'మిటిగేట్' నోటికి పట్టడానికి మూడు రాత్రులు,
నిద్రపోకుండా దోమలు సాయం చేశాయి.
'ప్రికేరియస్' రాసిన రాత్రి కుర్చీ ఒక కాలు కుంటింది.
ఆ స్లిప్పునే నాలుగు మడతలు పెట్టి
కాలి కింద దోపాను.

పైకి చదివితే అద్దానికి తగిలి
మాట మళ్లీ నాకే వస్తుంది.
కెమెరా వినదు, చూస్తుంది.
బ్యాంకులో ఎవరైనా ఆ బొమ్మ తిప్పి చూస్తే
వీడు మిషనుతో మాట్లాడుతున్నాడనుకుంటారు.
అబద్ధమేం కాదు.

స్లిప్పు మీద మిషను అచ్చు రెండు నెలల్లో మాసిపోతుంది,
లక్షలున్నవాడిదీ వందున్నవాడిదీ ఒకేలా.
నా బాల్‌పెన్ను రాత మాత్రం ఉంటుంది.

వ్యాసం రెండో భాగంలో మా ఊరు కనబడింది.
పేరు లేదు, 'స్టడీ విలేజ్ బి'.
చెన్నైలో సెంట్రింగ్ కొడుతున్న మా అన్న పోలినాయుడు
'అవుట్‌మైగ్రెంట్'.
నాగావళి పొంగి మడి మింగినా, వడ్డీ ఇల్లు మింగినా
కలిపి కట్టి 'పుష్ ఫ్యాక్టర్స్'.
మా అమ్మ, 'రెస్పాండెంట్ నంబర్ ఫార్టీవన్'.
ఆ రోజు అడగొచ్చినవాళ్లకి ఆమె మజ్జిగిచ్చింది,
ఆ సంగతి అడుగున చిన్నక్షరాల్లోనైనా లేదు.
కోపమొచ్చింది.
కోపానికి ఇంగ్లీషు వెతికాను. ఎనిమిది దొరికాయి.
ఒక్కటీ సరిపోలేదు.
ఎనిమిదీ రాసుకున్నాను.

నిన్న రాత్రి రెండింటికి
పెద్దాసుపత్రి నుంచి నడిచొచ్చింది ముద్దాడ పారమ్మ.
పేరు కార్డు మీద చూశాను.
కొంగున కార్డు, ముడి మీద ముడి.
"బాబూ, ఇంగిలీసు సదూతన్నావు గావాల,
ఈ మిసనేటంతందో సెప్పు."

తెర మీద 'ఇన్‌సఫిషియెంట్'.
తెలిసిన మాటే, రెండో వారం నాటిది.
ముందు తగిలించిన తోక, అసలు మొదలు,
వ్యతిరేకపదం, రెండు ఉదాహరణ వాక్యాలు,
అన్నీ నోటికొచ్చు.
నోరే రాలేదు.

అద్దంలో నా మొహం చదివిందామె.
"సాల్లేదా?"
"సాల్లేదమ్మా."
ఎంత సాల్లేదో అడిగింది. ఎనభై రూపాయలు.
కాసేపు మిషను వైపు చూసి,
పక్కింటావిడతో అన్నట్టే అంది,
"ఉన్నకాడికి ఇమ్మను."

నాలుగు వందలు రెండుసార్లు లెక్కపెట్టుకుంది.
స్లిప్పుకి నేను చెయ్యి చాపేలోపే
దాన్నీ నోటుతో పాటు మడిచి
కొంగున కట్టుకుని
ఆసుపత్రి వైపు నడిచింది.

సోమవారం క్లాసులో నా వంతు.
బుట్టలో ఇంకో కాగితం లేదు.
నిన్నటికి పదకొండు మాటలే.